ఈఎంఈయా, ఏఓసీయా, ఏఎస్‌సీయా: సైన్యంలోని సహాయక కోర్‌లలో ఏది ఎవరికి తగినది?

ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసిన కుర్రవాడు, ఐటీఐలో డీజిల్ మెకానిక్ నేర్చుకున్నవాడు, బీకాం చదువుతూనే సైన్యం వైపు చూస్తున్నవాడు, ముగ్గురూ సికింద్రాబాద్ ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసు నోటిఫికేషన్ చదువుతూ ఒకేచోట ఆగిపోతారు. తుపాకీ పట్టి సరిహద్దులో నిలబడే పదాతిదళం గురించి అందరికీ ఎంతో కొంత తెలుసు. దాని వెనుక ఉండి రేషన్, ఇంధనం, మందుగుండు, మరమ్మతు, వైద్యం అందించే కోర్‌ల గురించి మన ఇళ్లలో తెలిసింది తక్కువ. ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజినీర్స్) మరమ్మతులు చూస్తుంది, ఏఓసీ (ఆర్మీ ఆర్డ్‌నెన్స్ కోర్) నిల్వలు, ఏఎస్‌సీ (ఆర్మీ సర్వీస్ కోర్) రేషన్, ఇంధనం, రవాణా, ఏఎంసీ (ఆర్మీ మెడికల్ కోర్) వైద్యం. మల్కాజిగిరి, సఫిల్‌గూడ, నేరేడ్‌మెట్ వైపు నుంచి ఏఓసీ గేటు మీదుగా రాకపోకలు సాగించేవారిలో కూడా, ఆ గోడల లోపల ఏ పనికి శిక్షణ ఇస్తారో చెప్పగలిగినవారు అరుదు. ఈ వ్యాసం ఆ కోర్‌ల పుట్టుకను, పనిని పక్కపక్కన పెట్టి, ఏది ఎలాంటి అభ్యర్థికి సరిపోతుందో తేల్చే ప్రయత్నం చేస్తుంది.

ముందుగా ఎవరు ఎక్కడ ఉంటారు

భారత సైన్యాన్ని స్థూలంగా మూడు వరుసలుగా చూడవచ్చు. శత్రువుతో నేరుగా తలపడే పదాతిదళం, ట్యాంకు దళం మొదటి వరుస. ఆ పోరాటానికి పక్కనే ఉండి ఊతమిచ్చే ఆర్టిలరీ, ఇంజినీర్లు, సిగ్నల్స్ వంటివి రెండోది. మొత్తం సైన్యాన్ని నడిపించే సరఫరా, నిల్వ, మరమ్మతు, వైద్య సర్వీసులు మూడోది. గోల్కొండలోని ఆర్టిలరీ సెంటర్‌ను మనవారు తరచుగా ఈ మూడో వరుసలో కలిపేస్తుంటారు, అది సరికాదు. ఆర్టిలరీ అంటే ఫిరంగులు పేల్చే దళం, కాబట్టి ఈ పోలికలో దానిని చేర్చలేదు. ఇంజినీర్లు, సిగ్నల్స్ కూడా లెక్క ప్రకారం రెండో వరుసకే చెందుతాయి. అయినా సాంకేతిక చదువు చదివిన పిల్లలు ఈఎంఈతో పాటు ఆ రెండింటినీ కలిపే ఆలోచిస్తారు కనుక వాటిని విడిచిపెట్టలేదు.

ఎంపిక ఎంతవరకు మన చేతిలో ఉంటుంది

ఈ విషయం తెలియకనే ఎక్కువమంది నిరాశపడతారు. అగ్నివీర్ (అగ్నిపథ్ పథకం కింద చేరే జవాను) దరఖాస్తులో కోర్ పేరు అడగరు, కేటగిరీ అడుగుతారు: జనరల్ డ్యూటీ, టెక్నికల్, క్లర్క్ లేదా స్టోర్ కీపర్ టెక్నికల్, ట్రేడ్స్‌మన్. ఎంపికైన తరువాత ఏ కోర్‌కు, ఏ ట్రేడుకు పంపాలన్నది సైన్యం తన అవసరాన్నిబట్టి నిర్ణయిస్తుంది. అంటే "నేను ఈఎంఈలోనే చేరతాను" అని గట్టిగా అనుకోవడానికి జవాను స్థాయిలో వీలు లేదు. అయితే కేటగిరీ ఎంచుకున్నప్పుడే దారి చాలావరకు ఖరారవుతుంది. టెక్నికల్ కేటగిరీలో చేరినవాడు ఈఎంఈ, సిగ్నల్స్, ఇంజినీర్లు వంటి చోట్లకు వెళ్లే అవకాశం ఎక్కువ. స్టోర్ కీపర్‌గా చేరినవాడిని ప్రధానంగా నిల్వలు చూసే కోర్‌లు తీసుకుంటాయి. జనరల్ డ్యూటీలో చేరినవాడు పదాతిదళంతో సహా ఎక్కడికైనా సిద్ధపడాలి.

అధికారిగా వెళ్లేవారి సంగతి వేరు. అకాడమీలో క్యాడెట్ తన ప్రాధాన్యాలను వరుసగా రాసి ఇస్తాడు. మెరిట్‌ను, ఖాళీలను చూసి కేటాయింపు జరుగుతుంది.

దేనిని చూసి తేల్చుకోవాలి

మొదటి కొలమానం, రోజూ చేతిలో ఉండే పని ఏమిటన్నది. యూనిఫాం అన్నిచోట్లా ఒకటే, కానీ ఒకరి చేతికి గ్రీజు అంటుతుంది, ఇంకొకరి చేతిలో లెడ్జర్ ఉంటుంది, మరొకరు రోగి మంచం పక్కన నిలబడతారు. రెండోది, చదువు, మార్కులు ఏ కేటగిరీకి సరిపోతాయన్నది. మూడోది, సైన్యం నుంచి బయటికి వచ్చాక ఆ పని కూడు పెడుతుందా అన్నది.

ఈ మూడోదానికి ఇప్పుడు మునుపెన్నడూ లేనంత బరువు వచ్చింది. 2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ పథకం ప్రకారం సేవాకాలం నాలుగేళ్లు. ఆ తరువాత ఒక్కో బ్యాచ్‌లో 25 శాతం వరకు మాత్రమే శాశ్వత సేవలోకి తీసుకుంటారు. నెలకు మొదటి ఏడాది 30,000 రూపాయలతో మొదలై నాలుగో ఏడాదికి 40,000 అవుతుంది. అందులో 30 శాతం నిధికి పోతుంది, ప్రభుత్వం అంతే మొత్తం కలుపుతుంది, నాలుగేళ్ల చివర వడ్డీతో కలిపి సుమారు 11.71 లక్షల రూపాయలు చేతికి వస్తాయి. పింఛను, గ్రాట్యుటీ ఉండవు. పూర్వం పదిహేనేళ్లకు పైగా పనిచేసి పింఛనుతో ఇంటికి వచ్చిన హవల్దారుకు ఏ కోర్ అయినా ఒకటే. ఇరవై రెండేళ్లకే బయటికి రావలసి వస్తే నేర్చిన ట్రేడే అసలు సంపాదన.

శిక్షణ కేంద్రం ఇంటికి దగ్గరగా ఉండటాన్ని కొలమానంగా పెట్టుకోవద్దని గట్టిగా చెబుతాను. తిరుమలగిరిలో శిక్షణ పొందినవాడు ఆ తరువాతి ఏడాది లేహ్‌లోనో, తేజ్‌పూర్‌లోనో ఉంటాడు. "మా వాడు సికింద్రాబాద్‌లోనే ఉంటాడు" అన్న తల్లిదండ్రుల ఆశ కసమ్ పరేడ్ (శిక్షణ ముగిశాక ప్రమాణం చేసే కవాతు) దాకానే.

| కోర్ | ప్రధానమైన పని | మూలంగా చెప్పుకొనే ఏడాది | శిక్షణ కేంద్రం | బయట దానికి దగ్గరి పని |
|---|---|---|---|---|
| ఈఎంఈ | వాహనాలు, ఆయుధాలు, రాడార్ల మరమ్మతు | 1943 | సికింద్రాబాద్, భోపాల్ | ఆటోమొబైల్, ఎలక్ట్రానిక్స్, నిర్వహణ విభాగాలు |
| ఏఓసీ | ఆయుధాలు, మందుగుండు, విడిభాగాలు, దుస్తుల నిల్వ | 1775 | సికింద్రాబాద్ | గోదాములు, స్టోర్స్, కొనుగోలు విభాగాలు |
| ఏఎస్‌సీ | రేషన్, ఇంధనం, రవాణా | 1760 | బెంగళూరు | రవాణా, సరుకుల పంపిణీ |
| మద్రాస్ సాపర్లు (ఇంజినీర్లు) | వంతెనలు, మందుపాతరలు, నిర్మాణం | 1780 | బెంగళూరు | నిర్మాణ రంగం, భారీ యంత్రాలు |
| సిగ్నల్స్ | సమాచార వ్యవస్థ | 1911 | జబల్‌పూర్, గోవా | టెలికాం, నెట్‌వర్క్ పనులు |
| ఏఎంసీ | వైద్యం | 1943 | లక్నో | ఆసుపత్రులు |

మూలంగా చెప్పుకొనే ఏళ్లను కాస్త జాగ్రత్తగా చూడాలి. పాత కోర్‌లు తమ పుట్టుకను ఈస్టిండియా కంపెనీ కాలం నాటి ఏదో ఒక నియామకానికి ముడిపెడతాయి. నేటి రూపం మాత్రం చాలావరకు రెండు ప్రపంచ యుద్ధాల కాలంలో, ముఖ్యంగా రెండో యుద్ధంలో వచ్చింది.

ఏఓసీ, ఈఎంఈ: వేరుపడ్డ అన్నదమ్ములు

హైదరాబాదీలు ఎక్కువగా తికమకపడేది ఈ రెండింటి మధ్యనే కాబట్టి వీటిని కలిపి చూడటమే మేలు.

1775 ఏప్రిల్ 8న కలకత్తాలోని ఫోర్ట్ విలియంలో బోర్డ్ ఆఫ్ ఆర్డ్‌నెన్స్ ఏర్పడింది. ఆర్మీ ఆర్డ్‌నెన్స్ కోర్, అంటే ఏఓసీ, ఇప్పటికీ ఆ తేదీనే తన దినంగా జరుపుకుంటుంది. ఫిరంగులు, తుపాకులు, మందుగుండు సంపాదించి భద్రపరచి అడిగినవారికి అందించడం దాని మొదటి పని. పాడైన ఆయుధాన్ని బాగుచేయడం కూడా చాలాకాలం అదే చూసుకునేది. ఎడ్లబండ్లు, గుర్రాల కాలంలో అది భారం కాలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో వేలకొద్దీ లారీలు, ట్యాంకులు, రేడియోలు, రాడార్లు వచ్చిపడేసరికి నిల్వచేసేవారే మరమ్మతులు చేయడం కుదరలేదు. బ్రిటన్‌లో 1942లో మరమ్మతులకు విడిగా ఒక కోర్ ఏర్పడింది. మన దగ్గర 1943 అక్టోబరు 15న అదే జరిగింది. వర్క్‌షాపులు ఆర్డ్‌నెన్స్ నుంచి విడిపోయి ఈఎంఈగా నిలబడ్డాయి. ఈ విభజన నేటి పనిలోనూ స్పష్టంగా కనిపిస్తుంది: గేర్‌బాక్సు అలమారలో ఉన్నంతసేపు ఏఓసీది, బండికి బిగించేటప్పుడు ఈఎంఈది.

ఈఎంఈ పని మూడు అంచెలుగా నడుస్తుంది. ప్రతి పెద్ద యూనిట్‌కూ అతుక్కుని ఉండే చిన్న మరమ్మతు బృందం మొదటిది. బ్రిగేడ్, డివిజన్ స్థాయిలోని ఫీల్డ్ వర్క్‌షాపులు రెండోది. యంత్రాన్ని పూర్తిగా విప్పి కొత్తదానిలా తిరిగి కట్టే బేస్ వర్క్‌షాపులు మూడోది. ఢిల్లీలోని 505 ఆర్మీ బేస్ వర్క్‌షాప్ 2024లో తొలి టీ-90 ట్యాంకును ఇలా పూర్తిగా విప్పి కట్టి అప్పగించింది. అభ్యర్థి తెలుసుకోవలసిన తేడా ఇక్కడే ఉంది. బేస్ వర్క్‌షాపులో చప్టా నేల, క్రేన్లు, విద్యుద్దీపాలు ఉంటాయి. మొదటి అంచెలో ఉన్నవాడికి ఎడారి ఇసుకలో ట్రాక్ జారిపోయిన ట్యాంకు ఉంటుంది. దానిని లాగడానికి వచ్చిన రికవరీ బండి ఉంటుంది. నలభై అయిదు డిగ్రీల ఎండలో చేయి పెడితే కాలే ఇనుము ఉంటుంది. కాబట్టి "ఈఎంఈ అంటే వెనుక ఉండే ఉద్యోగం" అని ఎవరైనా చెబితే సగమే నమ్మాలి.

వెహికల్ మెకానిక్, ఎలక్ట్రీషియన్, ఆర్మరర్, రాడార్, టెలికాం మెకానిక్ వంటివి ఈ కోర్ ట్రేడులు. ఐటీఐ చదివిన పిల్లలకు నా మొదటి సలహా ఇదే దారి. టెక్నికల్ కేటగిరీకి ఇంటర్‌లో భౌతిక, రసాయన శాస్త్రాలు, గణితం, ఇంగ్లిష్ ఉండి మొత్తం 50 శాతం, ఒక్కో సబ్జెక్టులో 40 శాతం కావాలి. పదో తరగతి తరువాత ఐటీఐ, డిప్లొమా చేసినవారికీ వీలుంది. ఈ మార్కుల నియమం ముందే చూసుకోకుండా పరుగు పందేనికి నెలల తరబడి చెమటోడ్చి, చివరికి కెమిస్ట్రీలో 38 దగ్గర ఆగిపోవడం అనవసరమైన బాధ.

ఏఓసీ స్వభావం పూర్తిగా వేరు. సూది నుంచి ట్యాంకు దాకా సైన్యం వాడే వస్తువులు డిపోలలో చేరి, లెక్కకెక్కి, అడిగినచోటికి వెళతాయి. ఆగ్రా, జబల్‌పూర్, కాన్పూర్, ఢిల్లీ కంటోన్మెంట్‌లలోని కేంద్ర ఆర్డ్‌నెన్స్ డిపోలు ఇందులో పెద్దవి. అలమారకు వేలాడే బిన్ కార్డులో ఎన్ని వచ్చాయి, ఎన్ని వెళ్లాయి, ఎన్ని మిగిలాయి అన్నది తప్పకుండా నమోదు కావాలి. ఒక్క అంకె తేడా వచ్చినా సంజాయిషీ చెప్పుకోవలసిందే. ఓపిక, చక్కని రాత, కంప్యూటరు అలవాటు ఉన్నవాడికి ఇది బాగుంటుంది, ఒకచోట కుదురుగా కూర్చోలేనివాడికి నరకం.

ఏఓసీలో ఇంకో ముఖం కూడా ఉంది. మందుగుండును నిల్వచేయడం, కాలం చెల్లిన దానిని నాశనం చేయడం, పేలని బాంబులను నిర్వీర్యం చేయడం కూడా దాని బాధ్యతలే. 2016 మే 31న మహారాష్ట్రలోని పుల్గావ్ కేంద్ర మందుగుండు డిపోలో జరిగిన అగ్నిప్రమాదం సైనికులను, డిపో అగ్నిమాపక సిబ్బందిని బలితీసుకుంది. గోదాము ఉద్యోగమంటే ప్రమాదం లేనిదనే భ్రమ అక్కరలేదు.

క్లర్క్, స్టోర్ కీపర్ కేటగిరీకి ఇంటర్ ఏ గ్రూపైనా ఫరవాలేదు, కానీ మొత్తం 60 శాతం, ప్రతి సబ్జెక్టులో 50 శాతం అడుగుతారు. ఇంగ్లిష్‌లోను, గణితం లేదా అకౌంట్స్‌లోను కూడా ఆ 50 శాతం తప్పనిసరి. సీఈసీ పిల్లలకు సైన్యంలో నిజంగా తెరిచి ఉన్న తలుపు ఇదే.

ఇక్కడే ఒక హెచ్చరిక. "ఏఓసీ రిక్రూట్‌మెంట్" పేరుతో వచ్చే ట్రేడ్స్‌మన్ మేట్, ఫైర్‌మన్ వంటి ప్రకటనలు సైనిక ఉద్యోగాలకు కావు, అవి డిపోలలోని పౌర ఉద్యోగాలు. వాటికి నాలుగేళ్ల గడువు లేదు, ర్యాంకు లేదు, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి నిబంధనలు వర్తిస్తాయి. స్థిరమైన ఉద్యోగమే కావాలనుకునే ఇంటి పెద్దకొడుకుకు అగ్నివీర్ కన్నా ఇవే నయమని నా అభిప్రాయం. అయితే ఇవి కూడా దేశంలో ఎక్కడి డిపోలోనైనా రావచ్చు.

ఏఎస్‌సీ: అన్నం, నూనె, చక్రం

ఆర్మీ సర్వీస్ కోర్ తన చరిత్రను 1760 డిసెంబరు 8 నుంచి లెక్కపెడుతుంది. సైన్యం ఏం తింటుంది, దాని బండి దేనితో నడుస్తుంది, సరుకు కొండమీదికి ఎలా చేరుతుంది అన్న మూడు ప్రశ్నలూ దీనివే. 1939లో ఈ కోర్ కంచరగాడిదల కంపెనీలు ఫ్రాన్స్‌కు వెళ్లాయి, మరుసటి ఏడాది డన్‌కిర్క్ ఉపసంహరణలో చిక్కుకున్నాయి. కంచరగాడిదలు ఇప్పటికీ హిమాలయ పోస్టులకు సరుకు మోస్తున్నాయి. రోడ్డు ఉన్నంతమేర లారీ, ఆ తరువాత కంచరగాడిద, ఆపైన విమానం నుంచి పారాచూట్‌తో జారవిడవడం, ఇదీ వరుస. 1984 ఏప్రిల్‌లో సియాచిన్‌పై పట్టు సాధించినప్పటి నుంచి ఆ మంచులోకి సరుకు ఇలాగే చేరుతోంది. మంచుతో కనుమదారులు మూసుకునేలోగా లద్దాఖ్‌కు చలికాలమంతటికీ సరిపడా సరుకు చేర్చడం ప్రతి ఏడాదీ జరిగే భారీ కార్యక్రమం.

డ్రైవింగ్ మీద మక్కువ ఉన్నవారికి ఈ కోర్ చక్కగా సరిపోతుంది. కొండదారుల్లో కాన్వాయ్ నడిపిన డ్రైవరుకు బయట పని దొరకడం కష్టం కాదు. అయితే ఇందులో నేర్చేది ఈఎంఈ ట్రేడంత అరుదైన నైపుణ్యం కాదు, బయట పోటీ ఎక్కువ. సరఫరా విభాగంలో పనిచేసినవారు దూరవిద్యలో డిగ్రీ కూడా పూర్తిచేసుకుంటే మాత్రం లెక్క మారుతుంది.

మద్రాస్ సాపర్లు

1780లో మద్రాసు సైన్యంలో రెండు పయనీర్ కంపెనీలుగా మొదలైన ఈ దళం, దక్షిణాది రాష్ట్రాల యువకులతో నిండిన ఇంజినీర్ గ్రూపు. కేంద్రం బెంగళూరులో ఉంది. ముళ్లకంచెను పేల్చి దారిచేసే బెంగళూరు టార్పెడోను 1912లో రూపొందించింది ఈ దళపు అధికారే. దళానికి చెందిన సుబేదార్ సుబ్రమణియన్ 1944 ఫిబ్రవరిలో ఇటలీలో, పేలబోతున్న మందుపాతర మీద పడుకుని తోటివారిని కాపాడి ప్రాణాలిచ్చాడు. ఆయనకు మరణానంతరం జార్జ్ క్రాస్ ప్రకటించారు.

సాపర్లు సహాయక దళమే అయినా యుద్ధంలో పదాతిదళం కన్నా ముందు నడవవలసివచ్చే సందర్భాలుంటాయి. బొంబాయి సాపర్లకు చెందిన రామ రఘోబా రాణే 1948 ఏప్రిల్‌లో, నౌషేరా నుంచి రాజౌరీకి వెళుతున్న మన ట్యాంకులకు దారి చేశాడు. ముందున్న ట్యాంకు కిందనే పాకుతూ, డ్రైవరుకు తాడుతో సైగలిస్తూ మందుపాతరలు తొలగించాడు. పరమవీర చక్ర అందుకుని, ఆ కథ చెప్పడానికి బతికే ఉన్నాడు. రణరేఖకు దూరంగా ఉండాలనే కారణంతో సహాయక దళాల వైపు చూసేవారు సాపర్లను ఎంచుకోకపోవడమే మంచిది. సివిల్ డిప్లొమా చేసి, ఆరుబయట పనిని ఇష్టపడేవారికి మాత్రం ఇంతకన్నా తగిన చోటు లేదు.

సిగ్నల్స్

1911 ఫిబ్రవరి 15న సాపర్ల నుంచి విడిపోయి పుట్టిన కోర్ ఇది. తీగలు లాగడంతో మొదలై ఇప్పుడు ఆప్టికల్ ఫైబర్, ఉపగ్రహ సమాచారం, నెట్‌వర్క్ భద్రత దాకా వచ్చింది. మన నగరంలో కంప్యూటర్ నెట్‌వర్కింగ్ నేర్చినవారికి ఉన్న గిరాకీని బట్టి చూస్తే, సర్వీసు తరువాతి బతుకు కోణంలో ఈఎంఈతో సమానంగా నిలిచేది ఇదొక్కటే. అధికారులకు మహౌలోని టెలికమ్యూనికేషన్ కళాశాల శిక్షణ ఇస్తుంది.

ఏఎంసీ: మన ఊరి దోమ నుంచి కొరియా దాకా

ఆర్మీ మెడికల్ కోర్ నేటి రూపంలో 1943 ఏప్రిల్ 3న ఏర్పడింది. అంతకుముందున్న ఇండియన్ మెడికల్ సర్వీస్ చరిత్రలో సికింద్రాబాద్‌కు గొప్ప చోటుంది. ఆ సర్వీసులోని అధికారి రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న ఇక్కడే దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. కుట్టించుకోవడానికి ఒప్పుకున్న రోగికి ఒక్కో దోమకు ఒక అణా ఇచ్చాడు. బేగంపేటలో ఆయన పేరిట ఉన్న సంస్థ దానికి గుర్తు.

వైద్యదళం ఎంత ముందుకు వెళుతుందో 60వ పారాచూట్ ఫీల్డ్ ఆంబులెన్స్ చరిత్ర చెబుతుంది. లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్ నాయకత్వంలో 1950లో కొరియాకు వెళ్లిన ఈ దళానికి, ప్యాంగ్యాంగ్ నుంచి వెనుదిరగవలసినప్పుడు వాహనాలు దొరకలేదు. వదిలేసిన ఒక పాత ఆవిరి ఇంజన్‌ను తామే రాజేసి, మందులు, పరికరాలు అందులో వేసుకుని బయటపడ్డారు. 1951 మార్చిలో అమెరికా దళాలతో పాటు మున్సాన్ వద్ద పారాచూట్లతో దిగారు.

బైపీసీ వారికి నర్సింగ్ అసిస్టెంట్, డి.ఫార్మసీ, బి.ఫార్మసీ వారికి సిపాయి ఫార్మా అనే దారులున్నాయి. రక్తం, వాసన, రాత్రి డ్యూటీ భరించగలనా అని తమను తాము నిజాయితీగా అడిగి తెలుసుకున్నాకే దరఖాస్తు చేయాలి. డాక్టరు కావాలనుకునేవారికి నీట్ ద్వారా పుణెలోని ఏఎఫ్ఎంసీ వేరే మార్గం.

పశువైద్య కోర్, విద్యా కోర్, మిలిటరీ పోలీసు, పయనీర్లు వంటివి చిన్నవి. ఖాళీలు తక్కువ, వాటిని లక్ష్యంగా పెట్టుకుని సిద్ధమవడం నేను సూచించను. ఆడపిల్లలకు మాత్రం మిలిటరీ పోలీసు ముఖ్యం, ఎందుకంటే జవాను స్థాయిలో మహిళలను తీసుకునేది ఆ కోర్‌లోనే. అధికారులుగా మహిళలు 1992 నుంచి ఏఎస్‌సీ, ఏఓసీ వంటి సర్వీసుల్లో చేరుతున్నారు. 2020 ఫిబ్రవరి 17 నాటి సుప్రీంకోర్టు తీర్పు తరువాత శాశ్వత కమిషన్ దారి విస్తృతమైంది.

ఎవరికి ఏది

ఇంటర్‌లో ఎంపీసీ చదివి, జేఈఈ మెయిన్ రాసి, భౌతిక, రసాయన శాస్త్రాలు, గణితం మూడింటిలో కలిపి 60 శాతం దాటినవారు అగ్నివీర్ కన్నా ముందు టెక్నికల్ ఎంట్రీ స్కీమ్‌ను చూడాలి. ఎస్ఎస్‌బీ (అధికారుల ఎంపిక బోర్డు) ఇంటర్వ్యూ నెగ్గితే నాలుగేళ్ల శిక్షణతో పాటు ఇంజినీరింగ్ పట్టా, ఆపైన లెఫ్టినెంట్ హోదా వస్తాయి. ఆ పట్టా చదువు చెప్పే సంస్థల్లో సికింద్రాబాద్‌లోని ఎంసీఈఎంఈ (ఈఎంఈ మిలిటరీ కళాశాల) ఒకటి. ఎస్ఎస్‌బీలో నిలవడం కష్టమే, కానీ ప్రయత్నించకుండా నేరుగా జవాను దరఖాస్తుకు దిగడం ఆ అర్హతను వృథా చేసుకోవడమే.

ఐటీఐ, డిప్లొమా వారు టెక్నికల్ కేటగిరీ ఎంచుకుని, ఈఎంఈ వచ్చినా, సిగ్నల్స్ వచ్చినా ఆనందంగా తీసుకోవచ్చు. మంచి మార్కులున్న సీఈసీ, ఎంఈసీ వారు స్టోర్ కీపర్ వైపు, దానితోపాటే పౌర ఉద్యోగాల ప్రకటనల వైపు కన్నేసి ఉంచాలి. మార్కులు తక్కువై దేహదారుఢ్యం బాగున్నవారికి జనరల్ డ్యూటీ మిగులుతుంది. అక్కడ ఏ కోర్ వచ్చినా మొదటి ఏడాదిలోనే హెవీ లైసెన్సుకు దారితీసే డ్రైవర్ ట్రేడు కోసం అడిగి చూడటం తెలివైన పని.

తండ్రి ఇప్పటికే సైన్యంలో పనిచేసినవారికి ఇంకో తలుపుంది. యూనిట్ హెడ్‌క్వార్టర్స్ కోటా కింద 1 ఈఎంఈ సెంటర్, ఏఓసీ సెంటర్ సికింద్రాబాద్‌లోనే విడిగా భర్తీ జరుపుతాయి. దీనికి తండ్రి రికార్డు ఆఫీసు నుంచి సంబంధ ధ్రువపత్రం కావాలి. ఈఎంఈ రికార్డ్స్, ఏఓసీ రికార్డ్స్ రెండూ సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి. తండ్రి సర్వీసు పుస్తకంలో కొడుకు పేరు, పుట్టినతేదీ పదో తరగతి మెమోతో అక్షరం తేడా లేకుండా సరిపోతున్నాయో లేదో ర్యాలీ తేదీ రాకముందే చూసుకోవాలి, ఆ తేడాను సరిచేయించుకోవడానికి నెలలు పడుతుంది.